ఒక ఇంటిపేరు వెంట ఓరుగల్లు దారుల్లో

సోమవారం – కాజీపేట

సోలాపూర్‌లో స్థిరపడిన ఒక పద్మశాలి కుటుంబం కోసం ఈ ప్రయాణం. ఇతరుల వంశచరిత్రలు వెతికిపెట్టడం నా వృత్తి. పని అప్పగించిన ఆవిడ కళాశాలలో పాఠాలు చెబుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదువంతా మరాఠీలో సాగింది. తండ్రికి ఎనభై దాటాయి. ఆయన పుట్టింది సోలాపూర్‌లోనే. ఆయన తండ్రి మాత్రం ఓరుగల్లు వైపు నుంచి మగ్గం పనికి వలస వచ్చాడు. ఏ ఊరి నుంచి, ఎవరి ఇంటి నుంచి అన్నది తండ్రి ఉండగానే తెలియాలని ఆమె కోరిక.

చేతికిచ్చిన ఆధారాలు ఇంటిపేరు, గోత్రం, పెళ్లినాటి ఇత్తడి గంగాళం. గంగాళం అంచు మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలున్నాయి. ఫోటోను పెద్దది చేసి చూస్తే ఒక మగమనిషి పేరు, పరకాల వైపున్న ఒక ఊరి పేరు, చివర ‘ప్రమోదూత’ అని కనిపించాయి. ప్రభవ మొదలు లెక్కిస్తే ప్రమోదూత నాలుగో సంవత్సరం. అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది కాబట్టి 1870–71 కావచ్చు, 1930–31 కావచ్చు. సోలాపూర్ పెద్దాయన వయసును బట్టి చూస్తే రెండోదే కుదురుతుంది.

గంగాళం మీది ఊరే తమ సొంత ఊరని ఆ కుటుంబం ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. నాకు అక్కడే అనుమానం తగిలింది. పెళ్లి సామాను మీద పేరు కొట్టించేది ఇచ్చినవాళ్లు. పైగా అక్కడున్న ఇంటిపేరు వీళ్లది కాదు. ఆ ఊరు పెళ్లికూతురి తరఫువాళ్లదేమో చూడాలి.

సికింద్రాబాదు నుంచి వచ్చే బండిలో కిటికీ పక్కన కూర్చుని ఈ దారి గురించే ఆలోచించాను. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో పెట్టారు. పట్టాలు వరంగల్ చేరింది 1886లో. మిల్లు బట్ట వచ్చి ఇక్కడి మగ్గాల గిరాకీని దెబ్బతీసింది. ఆ బట్టను మోసుకొచ్చిన పట్టాలే నేతగాళ్లను సోలాపూర్‌కు, బొంబాయికి, భీవండికి తీసుకుపోయాయి. సోలాపూర్ పూర్వభాగ్‌లో ఈనాటికీ తెలుగు వినిపించడానికి, శ్రావణ పౌర్ణమికి అక్కడ మార్కండేయుడి రథం కదలడానికి మూలం ఈ వలసే.

కాజీపేటలో దిగి హనుమకొండ చౌరస్తా దగ్గర బస చేశాను. సాయంత్రం ఉర్దూ సార్‌ను కలిశాను. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఈ పెద్దమనిషి శికస్తా అనే గొలుసుకట్టు దస్తూరీని కూడా చదవగలరు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి. వేగంగా రాసిన ఆ రాతలో చుక్కలు ఎగిరిపోతాయి, అచ్చుల గుర్తులు ఉండవు, తెలుగు పేర్లు ఆనవాలు పట్టలేనంతగా మారిపోతాయి. చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆయన చాయ్ తాగుతూ, “ముందు ఊరి పేరు చెప్పకండి. కాగితం చూపించండి, నేనే చదివి చెబుతాను” అన్నారు. అందుకే ఆయన చదివిందాన్ని నమ్ముతాను.

మంగళవారం – కచేరీ కాగితాలు

గంగాళం మీది ఊరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 2021కి ముందు వరంగల్ రూరల్. 2016కి ముందు వరంగల్. నిజాం కాలంలో ఆ ప్రాంతం కరీంనగర్ జిల్లా కింద ఉండేది. ఊరు కదలలేదు గాని జిల్లాలు దాని మీదుగా కదిలాయి. ఏ ఏడాది కాగితం ఏ జిల్లా పేరుతో కట్టగట్టి ఉంటుందో తెలియకుండా బయల్దేరితే రోజులు వృథా అవుతాయి.

రెవెన్యూ కచేరీలో నేను అడిగింది 1954–55 ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా ఏదొచ్చినా అందరూ మొదట వెతికేది ఇదే. సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరు, నిజంగా దున్నుతున్నది ఎవరు అని వేర్వేరు గడుల్లో రాశారు. అంతకుముందు సంగతి కావాలంటే తొలి సర్వే నాటి దస్త్రమైన సేత్వార్ చూడాలి. మడతల దగ్గర పొడిపొడిగా రాలుతున్న పుటలను అక్కడి ఉద్యోగి చెక్క స్కేలుతో ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. తొందరపెట్టకుండా అంతసేపు నిలబడినందుకు అతనికి నా కృతజ్ఞతలు.

గంగాళం మీది మనిషి కనిపించాడు. పేరు, ‘వల్ద్’ అని తండ్రి పేరు, ఎకరంలోపు ఖుష్కీ, అంటే మెట్ట భూమి. సోలాపూర్ వాళ్ల ఇంటిపేరు మాత్రం ఆ ఊరి పహాణీలో ఎక్కడా లేదు.

లేకపోవడాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఈ వృత్తిలో అసలు పని. పహాణీ భూమి లెక్క, మనుషుల లెక్క కాదు. ఒక్క మగ్గం, ఒక్క గది ఉన్న మనిషి ఆ ఊళ్లో ముప్పై ఏళ్లు బతికి ఉండవచ్చు, ఈ పుస్తకంలో ఒక్క గీతా పడకపోవచ్చు. నేతగాడు, చాకలి, మంగలి, భూమిలేని కూలి, వెట్టి చేసిన మాదిగ – వీళ్ల తాతముత్తాతల కోసం భూమి కాగితాలు వెతికి “ఏమీ దొరకలేదు” అని నివేదిక ఇచ్చేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. దొరకని తప్పు ఆ కుటుంబానిది కాదు.

జనాభా లెక్కల్లో చూడవచ్చు కదా అని విదేశాల్లో ఉన్నవాళ్లు తరచుగా అడుగుతారు. ఇంగ్లండులో 1921 నాటి ఇంటింటి పత్రాలను 2022లో ప్రజలకు తెరిచారు. మన దగ్గర 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఆ పత్రాలు ఎవరికీ చూపించరు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 1910 ప్రాంతంలో పుట్టిన నేతగాడికి అదీ అక్కరకు రాదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్ల దస్త్రాలు కచేరీకి చేరాయి, కొన్ని పట్వారీల ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. చెదలు తిన్నవి పోగా మిగిలినవాటి కోసం ఇల్లిల్లూ తిరగవలసిందే.

బుధవారం – కొత్తవాడ

వరంగల్‌లో నేతగాళ్ల సంగతి తెలుసుకోవాలంటే కొత్తవాడకు వెళ్లాలి. ఇక్కడ నేసే దర్రీలనే నూలు తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వెళ్లిన ఇంట్లో భార్యాభర్తలు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. రంగు నూలు పోగును వేళ్లతోనే పడుగులోంచి దూర్చి, ఇనుప పంజాతో దబదబా కొట్టి దగ్గరికి చేరుస్తున్నారు. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగలేదు.

గీసుకొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గురించి వాళ్లే ఎత్తారు. 2017లో శంకుస్థాపన చేసినప్పుడు సూరత్‌కు, భీవండికి, సోలాపూర్‌కు వలస వెళ్లినవాళ్లను తిరిగి రప్పించడం దాని ఉద్దేశమని చెప్పారు. ఆ ఇంటాయన అన్నదమ్ములిద్దరూ భీవండిలోనే ఉన్నారు. పిల్లల చదువులు అక్కడే, ఇల్లూ అక్కడే. పండుగకు రావడమే గొప్ప.

నేను వెళ్లింది ఇంకో మాట అడగడానికి. “పరకాల వైపు ఊళ్లకు కూనపులి వాళ్లెవరు వస్తారు?”

తెలంగాణలో దాదాపు ప్రతి పని కులానికీ దాని కథ చెప్పే ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, గౌడులకు జెట్టి వాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజ వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు. ములుగు అడవుల్లో కోయలకు డోలీలు, ఆదిలాబాద్‌లో గోండులకు ప్రధానులు, తోటీలు. చేర్యాల నకాషీలు గీసే పొడవాటి పటాలు వీళ్లలో చాలామంది కోసమే పుట్టాయి. చూసేవాళ్లకు అది కళారూపం. నా పనికి అది దస్త్రాల గది. వీళ్లు ఊళ్లను తమలో తాము పంచుకుంటారు. తన వాటా ఊరిలో ఏ ఇంటిపేర్లున్నాయి, ఏ గోత్రం, ఏ ఇంటి నుంచి ఏ ఇల్లు చీలింది అన్నది కథ చెప్పేవాడికి తెలిసి ఉండాలి, ఎందుకంటే అతనికి రావలసిన త్యాగం, అంటే కులంవాళ్లు ఇచ్చే సంభావన, ఇంటింటికీ లెక్క.

మగ్గం దిగకుండానే ఆవిడ తన పుట్టింటికి ఫోను చేసి కూనపులి పెద్దమనిషి నంబరు ఇప్పించింది.

గురువారం – గంగాళం మీది ఊరు

ములుగు రోడ్డు మీద గుడెప్పాడ్ దగ్గర దారి చీలుతుంది. ఎడమకు తిరిగితే పరకాల. 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగిన ఊరు. అమరధామం ముందు బస్సు ఆగినప్పుడు పక్క సీటులోని ముసలాయన చేతులు జోడించాడు.

గంగాళం ఇచ్చిన మనిషి ఇల్లు పెంకుటిల్లే, ఇంకా నిలిచి ఉంది. మగ్గం గుంట పూడ్చి గచ్చు చేశారు. ఆయన కోడలు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. చూపు తగ్గింది గాని మాట స్పష్టం. మగవాళ్లను అడిగితే మనకు తండ్రి, తాత, ముత్తాత అని నిచ్చెన దొరుకుతుంది. ఎవరి బిడ్డను ఎవరికిచ్చారు, ఏ కాన్పుకు ఎవరొచ్చారు అన్నది తెలియాలంటే ఇటువంటి అమ్మలనే అడగాలి. కాగితాల్లో వాళ్ల పేర్లు ఉండవు, కుటుంబం అల్లిక మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

సోలాపూర్ అన్న మాట నేను ఎత్తలేదు. వాళ్ల మామగారు ఎవరి పెళ్లికైనా గంగాళం పెట్టారా అని మాత్రమే అడిగాను.

“పెట్టకేం బిడ్డా! మా మామ అక్క బిడ్డకు పెట్టాడు. తల్లి చచ్చిపోతే పిల్లను ఇక్కడే సాకారట. పెళ్లయ్యాక మొగుడు కూడా ఇక్కడే రెండేళ్లు నేశాడట. తర్వాత సోలాపూరు పోయారు. మా మామ పెద్దకర్మకు ఆమె వచ్చింది, అప్పుడే నేను చూశాను. చెవులకు గెంటీలు, కట్టు మాత్రం మరాఠీ కట్టు.”

అల్లుడిది ఏ ఊరమ్మా అంటే, “ములుగు దిక్కు. ఊరు పేరు ఎరుక లేదు” అంది.

తల్లి లేని పిల్లను మేనమామ పెంచి పెళ్లి చేశాడు. అల్లుడు కొంతకాలం ఇక్కడే ఉండి ఇక్కడి నుంచే సోలాపూర్‌కు వలస వెళ్లాడు. అందుకే బయల్దేరిన ఊరు సొంత ఊరిగా కుటుంబం జ్ఞాపకంలో నిలిచిపోయింది. పహాణీలో ఇంటిపేరు ఎందుకు లేదో తేలింది.

మధ్యాహ్నం కూనపులి పెద్దాయన మార్కండేయ గుడి అరుగు మీదికి వచ్చాడు. పటం కావాలని నేను అడగలేదు. ఆయనే భుజాన వేసుకుని తెచ్చాడు. తెల్లటి గుడ్డలో చుట్టిన పటాన్ని విప్పే ముందు దండం పెట్టి అగరొత్తి వెలిగించాడు. ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు. లింగాన్ని కౌగిలించుకున్న మార్కండేయుడు, పాశం విసిరిన యముడు, తామర తూడు నుంచి తీసిన నూలుతో నేస్తున్న పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి. చుట్టగా చుట్టి విప్పీ విప్పీ అంచుల దగ్గర గుడ్డ పీలికలైంది. ఒకచోట భావనారుషి భార్య భద్రావతి ముఖం మీద రంగు పూర్తిగా రాలిపోయింది. ఆ చోట కర్ర ఆనించి, బొమ్మ నిండుగా ఉన్నట్టే ఆయన కథ చెప్పాడు.

సోలాపూర్ కుటుంబం గురించి అడిగే ముందు, ఊరిలో నాకు ఇతరత్రా వివరాలు తెలిసిన మరో ఇంటి వంశం చెప్పమన్నాను. నాలుగు తరాలు వరస తప్పకుండా చెప్పాడు. సంతానం లేకుండా పోయిన ఒక తమ్ముణ్ని మాత్రం వదిలేశాడు. ఆ ఇంటి గుమ్మం మిగల్లేదు కాబట్టి త్యాగం లేదు, అందుకే పేరూ జారిపోయింది. ఆడపిల్లల పేర్లు అసలే లేవు. ఏది గట్టిగా నిలుస్తుందో, ఏది జారుతుందో తెలిస్తే ఆయన మాటను ఎంతవరకు వాడుకోవాలో తెలుస్తుంది. కాగితాన్ని ఎలా పరీక్షిస్తామో నోటిమాటనూ అలాగే పరీక్షించాలి. నోటిమాట కదా అని తీసిపారేయడం ఎంత అన్యాయమో, పెద్దాయన చెప్పాడు కదా అని కళ్లుమూసుకుని రాసుకోవడమూ అంతే.

అప్పుడు ఇంటిపేరు చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఆ గుమ్మం నా ఊళ్లలో లేదు. అది మా పెదనాన్న కొడుకు వాటా.” ములుగు దారిలో రెండు ఊళ్ల పేర్లు చెప్పాడు.

వెళ్లేముందు, తన కొడుకులిద్దరూ సూరత్‌లో పనిచేస్తున్నారని, పటం ఎవరూ పట్టడం లేదని చెప్పాడు. ఇది చదివే పద్మశాలీలు ఎవరైనా ఉంటే ఒక మాట చెబుతున్నాను: మీ ఊరికి వచ్చే కూనపులి ఎవరో ఈ ఏడే కనుక్కోండి, కథ చెప్పించుకోండి, మీ ఇంటి వరస ఆయన గొంతులో రికార్డు చేసుకోండి, ఇవ్వవలసింది చేతినిండా ఇవ్వండి. ఆయన చెప్పే వరసలు ఏ కచేరీలోనూ రాసి లేవు.

శుక్రవారం – ములుగు దారి

వరసకు అన్న అయిన కూనపులి మొదటి ఊరిలో ఆ ఇంటివాళ్లు లేరని చెప్పి నన్ను నేరుగా రెండో ఊరికి తీసుకుపోయాడు. ఆయన దగ్గర పటంతో పాటు లాంగ్ నోటు పుస్తకం కూడా ఉంది. గుమ్మం పేరు, గోత్రం, ఏ ఏడు ఎంత ఇచ్చారో రాసుకున్న పద్దు. ఆటోలో వస్తూనే వరస చెప్పాడు. తాతకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఊళ్లోనే ఉన్నాడు. నడిపివాడు పెళ్లి చేసుకుని అటే పోయాడు, తర్వాత సోలాపూర్. చిన్నవాడికి మగపిల్లలు లేరు. గోత్రం సోలాపూర్ వాళ్లు చెప్పిందే.

పెద్దవాడి మనవడి ఇంట్లో నన్ను చూడగానే ముఖాలు మారాయి. “వాటా అడగడానికి పంపారా?” అని సూటిగా అడిగారు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి పాస్‌బుక్కులో ఒక పేరు తప్పుపడితే ఎంత తిరగాలో అందరికీ తెలుసు. తెలియని బంధువు అంటే ఇంటి స్థలంలో వాటా అనే భయం. నేను సోలాపూర్ ఆవిడ ఉత్తరం చదివి వినిపించాను. ఆస్తి మీద ఏ ఆశా లేదని, తండ్రికి సొంత ఊరు చూపించాలనే కోరిక ఒక్కటేనని అందులో ఆమె స్వయంగా రాశారు. ఈ పని మొదలుపెట్టే ముందు అటువంటి ఉత్తరం రాయించుకోవడం నా నియమం. అది లేకుండా ఎవరి గడపా తొక్కను.

కాసేపటికి ఇంటి పెద్ద లోపలికి వెళ్లి రేకు పెట్టె తెచ్చాడు. రేషన్ కార్డులు, సొసైటీ పాస్‌బుక్కు, వాటి అడుగున నాలుగు మడతల ఉర్దూ కాగితం. అప్పు పత్రం. కింద నీలి వేలిముద్ర. ఎవరూ చదవలేకపోయినా తరతరాలుగా పారేయలేదు. వాళ్ల అనుమతితో ఫోటో తీసి, నేనేమీ చెప్పకుండా ఉర్దూ సార్‌కు పంపాను.

అరగంటకు ఫోను వచ్చింది. “ఖుర్దాద్ 1342 ఫసలీ. అన్నదమ్ములు ముగ్గురి పేర్లున్నాయి. వేలిముద్ర పెద్దవాడిదే. రెండో అతని పేరు పక్కన ‘హాల్ సాకిన్ షోలాపూర్’ అని ఉంది, అంటే ప్రస్తుతం ఉండేది సోలాపూర్‌లో. షీన్ అక్షరం మీది మూడు చుక్కలూ బాగా కనిపిస్తున్నాయి, అనుమానం అక్కర్లేదు.”

నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరమైన ఫసలీకి 590 కలిపితే 1932 వస్తుంది. అప్పటి హైదరాబాదు ఫసలీ ఏడు అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఏడో నెల అయిన ఖుర్దాద్ 1933 ఏప్రిల్‌లో పడుతుంది. గంగాళం ప్రమోదూత నాటిది, 1930–31. పెళ్లయ్యాక రెండేళ్లు మేనమామ ఇంట్లో నేశాడని గురువారం ఆ అమ్మ చెప్పింది. ఇత్తడి, జ్ఞాపకం, కాగితం మూడూ ఒకదానికొకటి తెలియకుండానే ఒకే మాట చెప్పాయి. ఆ ఇంటి వసారాలో కూర్చుని ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

రేకు పెట్టెలోని కాగితం ఏమిటో వాళ్లకూ చదివి వినిపించాను. తమ తాత ఎంత అప్పు చేశాడో, ఎవరి దగ్గర చేశాడో వాళ్లు మొదటిసారి విన్నారు. అది వాళ్ల సంగతి, ఇక్కడ రాయను.

శనివారం – హనుమకొండ

పొద్దంతా బసలో కూర్చుని నివేదిక రాశాను. నివేదికలో ప్రతి మాటా ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే రాస్తాను. రుజువైనవి, బలంగా అనిపిస్తున్నవి, ఇంకా తేలనివి అని విడివిడిగా చూపిస్తాను. కూనపులి పెద్దల మాటలకు వాళ్ల అనుమతితో వాళ్ల పేర్లు పెట్టాను, రికార్డింగుల నకళ్లు వాళ్లకూ ఇచ్చాను.

తేలనిది ఒకటి మిగిలింది. సోలాపూర్ పెద్దాయనకు తెలిసిన తల్లి పేరు ఒకటి, పరకాల వైపు అమ్మ చెప్పిన పేరు మరొకటి. మహారాష్ట్ర ఇళ్లలో పెళ్లికూతురికి కొత్త పేరు పెట్టే ఆనవాయితీ ఉంది, అక్కడికి వెళ్లాక మారి ఉండవచ్చు. ఉండవచ్చు అన్నంత మాత్రాన ఇద్దరూ ఒకరేనని రాయలేను. నగరపాలిక మరణ నమోదులో తండ్రి పేరు గానీ, మేనమామ ఊరు గానీ ఉంటే ముడి విడిపోతుంది. ఏ గడి చూడాలో ఆవిడకు ఫోనులో వివరించాను, సోమవారం వెళ్లి దరఖాస్తు పెడతానన్నారు.

ఆ వెంటనే పెద్దాయన ఫోను తీసుకున్నారు. నివేదిక గురించి ఏమీ అడగలేదు. రెండో ఊరి వాళ్ల నంబరు ఇమ్మన్నారు. వాళ్లను అడిగి చెబుతానన్నాను. ఆ ఇంటికి ఫోను చేస్తే, నిన్న వాటా సంగతి అడిగినతనే ఎత్తాడు. ఇవ్వమన్నాడు. రాత్రి ఎనిమిదింటికి నంబరు పంపాను.